పిల్లలు లేని క్యాంపులో పిల్లల ఓట్లు

కంపెనీల్లో వెల్ఫేర్ ఆఫీసర్లుగా చేరబోతున్న పిల్లలు ఈ మధ్య ఒకరిద్దరు ఫోన్ చేసి, "సిస్టర్, ఆ ఉద్యోగంలో అసలు ఏం చెయ్యాలి?" అని అడిగారు. చేరేటప్పుడు చెప్పే సంగతులు వాళ్ళకూ తెలుసు. గదులు శుభ్రంగా ఉన్నాయా, మెస్సులో పప్పు ఉడికిందా, ఏసీ తిరుగుతోందా, ఎవరికైనా జ్వరమా, ఇవన్నీ చూసుకోవాలి. చూసుకోండి, మంచిదే. కానీ నా ఓపికలో సగం తినేసింది ఇవేవీ కాదు. పాటల పోటీ. నవ్వకండి. ఆ పోటీ రూళ్ళు మారిన ప్రతిసారీ నా రక్తపోటు పెరిగింది. నేను నర్సుని కాబట్టి కొలుచుకుని మరీ చెబుతున్నాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. నర్సింగ్ చదివి దుబాయ్ వచ్చాను. దుబాయ్ అంటే మనవాళ్ళ లెక్కలో ఈ దేశమంతా. నిజానికి దిగింది అబుదాబిలో. ముసఫ్ఫా క్యాంపు క్లినిక్‌లో చాలాకాలం సూదులు పొడిచాక, "నువ్వు అందరితో మాట్లాడతావు, వెల్ఫేర్ చూడు" అన్నారు. తెల్ల కోటు పోయింది గానీ పిలుపు పోలేదు. ఉద్యోగం వదిలేదాకా కూలీలకు నేను సిస్టర్‌నే.

వెల్ఫేర్ ఆఫీసరంటే అడకత్తెరలో పోకచెక్క. పైవాళ్ళు మనల్ని కూలీల మనిషి అంటారు, కూలీలు కంపెనీ మనిషి అంటారు. ఇద్దరి అనుమానమూ సగం నిజమే. ఆ సగంతోనే పని నడపాలి. ఎలా నడపాలో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఈ పాటల పోటీ సంగతే చెబుతాను.

చప్పట్ల రోజులు

మా కంపెనీకి మూడు క్యాంపులు. అబుదాబి వైపు ముసఫ్ఫా, షార్జాలో సజ్జా, దుబాయ్‌లో అల్ ఖూజ్. ఏటా చలి మొదలవగానే క్యాంపుల్లో పాడేవాళ్ళను ఎంచి, అల్ ఖూజ్‌లో ఖాళీగా ఉన్న గోడౌనులో ఫైనల్ పెట్టేవాళ్ళం. ఆఫీసువాళ్ళూ పాడొచ్చు. రూలు ఒకటే. ఎవరికి చప్పట్లు ఎక్కువ పడితే వాడు గెలిచినట్టు. చప్పట్లను కొలిచేది మా పాత ముదీర్, అంటే మేనేజరు. ఆయన అరబ్బు పెద్దమనిషి. ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చుని, చివర్లో చెయ్యెత్తి ఒకణ్ణి చూపించి "ఖలాస్" అనేవారు. అంతే, అయిపోయినట్టే.

అన్యాయం జరిగేదా? జరిగేది. ఒక ఏడాది ఆయన నిజంగానే నిద్రపోయారు. అయినా గొడవ పడాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. నేను వెళ్ళి "ముదీర్, మీకు చెవుడు వచ్చిందా" అని అడిగితే నవ్వి, టీ ఇప్పించి, ఓడినవాడికి ఓ చేతి గడియారం పంపేవారు. రూళ్ళు లేని బాసుతో ఉన్న సుఖం అది. కష్టమూ అదే, కానీ సుఖం ఇంకో బాసు వచ్చాకే తెలుస్తుంది.

ఇంతకీ ఓ పాటకు ఇంత రాద్ధాంతం ఎందుకంటే, బహుమతి అలాంటిది. కూలీ జీతానికి పెళ్ళాం పిల్లల్ని ఇక్కడికి తెచ్చుకునే వీలు ఉండదు. గెలిచినవాడి కుటుంబానికి కంపెనీయే విజిట్ వీసా తీసి, టికెట్లు కొని, నెలరోజులు స్టాఫ్ బిల్డింగులో ఫ్లాటు ఇచ్చేది. పాత ముదీర్ ఏ మూడ్‌లో పెట్టారో గానీ, అంత మంచి పని ఆ కంపెనీలో ఇంకోటి నేను చూడలేదు.

రాజేశం

సజ్జా క్యాంపులో రాజేశం అని, కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు. జగిత్యాల వైపు పల్లె. కూతురు అక్షిత కడుపులో ఉండగా విమానం ఎక్కాడు. తర్వాత సెలవుల మీద వెళ్ళినప్పుడల్లా, ఆ పిల్ల కొత్తమనిషిని చూసినట్టు తల్లి వెనక దాక్కునేదట. అలవాటయ్యేసరికి సెలవు అయిపోయేది. "నేను పనికి పోయే జాగ ఒక్కసారి చూస్తే మా బిడ్డకు సమజైతది సిస్టర్. బాపు ఏడికి పోతుండో తెల్వక దానికి కోపం" అనేవాడు. అతనికి కావలసింది అంతకంటే ఏమీ లేదు.

అతని గొంతు సంగతి అందరికీ తెలిసింది కరోనా ఏడాది. సజ్జా క్యాంపులో ఒక బ్లాకు మొత్తం మూసేశారు. గది తలుపు దాటకూడదు. మనుషులు బెంగతో తిండి మానేస్తుంటే నేను మాస్కు వేసుకుని తలుపు తలుపూ తట్టి బతిమాలుకునేదాన్ని. ఒక సాయంత్రం రాజేశం తన గది గుమ్మంలో కూర్చుని పాట ఎత్తుకున్నాడు. సొంతంగా కట్టిన పాటే.

"బస్సెక్కితి బిడ్డా, బస్సెక్కితి,
పొద్దు పొడవకముందే బస్సెక్కితి..."

అతను ఒక చరణం అంటే, మూసిన తలుపుల వెనక నుంచి బ్లాకంతా వంత అందుకుంది. వాళ్ళవైపు పాట అంతే, ఒకడు పాడితే పదిమంది అందుకోవాలి. మా చర్చి సంఘంలో ఆదివారం పాటలు పాడించినదాన్ని కాబట్టి నాకు గొంతు సంగతి కొంత తెలుసు. రాజేశంది గొప్ప గొంతేమీ కాదు, వినేవాణ్ణి ఊరికే కూర్చోనివ్వని గొంతు. ఆ రాత్రి భోజనం గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి.

స్వీడన్ సార్

కరోనా తగ్గేసరికి పాత ముదీర్ రిటైరయ్యారు. ఆయన స్థానంలో యోహాన్ అనే ఆయన వచ్చారు. స్వీడన్ దేశస్థుడు. కూలీలు ఆయన్ను స్వీడన్ సార్ అనేవాళ్ళు. చెడ్డ మనిషి కాదని ముందే చెప్పేస్తున్నాను. మెస్సులో కూలీలతో కూర్చుని చేత్తో అన్నం కలుపుకుని తినేవారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. లోకంలో ఏ తప్పునైనా సరైన రూలు పెడితే సరిచెయ్యొచ్చని నమ్మేవారు.

పాటల పోటీ గురించి నేను చెబుతుంటే ఆయన కళ్ళు మెరిశాయి. వాళ్ళ దేశంలో చలికాలంలో వారం వారం ఒక పెద్ద పాటల పోటీ జరుగుతుందట. యూరప్ పోటీకి ఎవరిని పంపాలో అందులో తేలుతుంది. దేశమంతా టీవీ ముందు కూర్చుని ఫోన్లో ఓట్లు వేస్తుంది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. దాదాపు ప్రతి ఏడూ ఏదో ఒక రూలు మారుస్తారట, అభిమానులు ప్రతి ఏడూ పేపర్లలో దుమ్మెత్తి పోస్తారట.

"మరి అన్ని తిట్లు తింటూ ఎందుకు మారుస్తారు సార్?" అన్నాను.

"తిట్టడం కూడా పండగలో భాగమే సిస్టర్" అని నవ్వారు.

అప్పుడే నేను సెలవు పెట్టి ఊరెళ్ళిపోవాల్సింది.

అందరికీ అయిదేసి హార్టులు

మొదటి రూలు. చప్పట్లు వద్దు, ఫోన్లో ఓటు. ఆఫీసులో ఐటీ చూసే ఫణి అని విజయవాడ కుర్రాడు, గోడౌనుకు రానివాళ్ళు కూడా ఫైనల్‌ను ఫోన్లోనే చూస్తూ ఓటేసేలా యాప్ తయారుచేశాడు. ఒక్కో పాటకు ఒకటి నుంచి అయిదు వరకు హార్ట్ గుర్తులు ఇవ్వొచ్చు. నచ్చినదానికి అయిదు, ఓ మాదిరిదానికి రెండు, నచ్చకపోతే అసలు ఇవ్వక్కర్లేదు. స్వీడన్‌లో ఇలాగే చేస్తారట.

స్వీడన్‌లో మనిషి తన సోఫాలో ఒక్కడూ కూర్చుని ఓటేస్తాడు. మా దగ్గర ఒక గదిలో ఎనిమిదిమంది. రెండంతస్తుల మంచాలు. కింద మంచం వాడి ఫోన్ పై మంచం వాడికి అద్దంలా కనిపిస్తుంది. పాడినవాళ్ళలో ఒకడు పక్క గదివాడు, ఒకడు సైటులో జోడీ, ఒకడు మొన్న బియ్యం అప్పిచ్చినవాడు. ఎవడికి హార్ట్ ఎగ్గొడతారు?

సజ్జా క్యాంపు బస్సు నడిపే పోశెట్టిని అడిగాను, నువ్వెవరికి వేశావయ్యా అని. రాజేశం అంటే ప్రాణం ఇచ్చే మనిషి అతను.

"అందరికి అయిదయిదు కొట్టిన సిస్టర్."

"అందరికీ కొడితే ఇంక ఓటెందుకయ్యా?"

"ఒకనికిచ్చి ఒకనికి ఇయ్యకపోతె మంచిగుంటదా? రేపు మల్ల ఒక్క బస్సులనే పోవాలె గద!"

మూడు క్యాంపులూ ఇదే పని చేశాయి. ఫణి తెర మీద లెక్క చూపిస్తే, అందరి పేర్ల పక్కనా గీతలు ఒక్క ఎత్తున నిలబడ్డాయి. ఎవరెవరి వేళ్ళు జారాయో వాటిని బట్టి ముసఫ్ఫా వెల్డరు ఒకడు గెలిచాడు. బొంగురు గొంతు. తన పేరు పిలిస్తే వేరే ఎవరో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు పాపం. వాడి పెళ్ళాం పిల్లలు వచ్చి నెల ఉండి వెళ్ళారు, సంతోషం. రాజేశం వాళ్ళను సజ్జా నుంచి వెళ్ళి చూసి, పిల్లలకు బిస్కెట్లు ఇచ్చి వచ్చాడు.

యోహాన్ మాత్రం ఆ సమానమైన గీతల వంక చూస్తూ, "ఇంత మంచితనాన్ని నేనెక్కడా చూడలేదు. దీన్ని సరిచెయ్యాలి" అన్నారు. కావాలంటే ఫణిని అడగండి.

వయసు గుంపులు

మరుసటి ఏడు రెండో రూలు వచ్చింది. ఇదీ వాళ్ళ దేశం సరుకే. ఓటేసేవాళ్ళను వయసును బట్టి గుంపులు చేస్తారు. పదేళ్ళ లోపు పిల్లలు, పదిహేను లోపువాళ్ళు, ముప్ఫై లోపు, నలభై అయిదు లోపు, అరవై లోపు, ఆపైన ముసలివాళ్ళు. ఒక్కో గుంపుకు ఒకే విలువ. గుంపులో పదిమంది ఉన్నా, వెయ్యిమంది ఉన్నా మార్కులు అవే. కుర్రకారు గోలలో పిల్లల ఇష్టం, పెద్దల ఇష్టం కొట్టుకుపోకుండా ఉండటానికట. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి.

మీటింగులో నేను చెయ్యెత్తాను. "సార్, మన క్యాంపుల్లో పదేళ్ళ పిల్ల ఎవరున్నారు? అరవై దాటినవాడు ఎవడున్నాడు? ఉన్నవాళ్ళంతా సంపాదించే వయసు మగవాళ్ళు. వేలమంది కలిసి సగం గుంపులే అవుతారు."

"పిల్లలు, పెద్దలు స్టాఫ్ కుటుంబాల్లో ఉన్నారుగా సిస్టర్. వాళ్ళూ కంపెనీ కుటుంబమే."

"స్టాఫ్ పిల్లలు మహా అయితే ఒక బస్సెడు ఉంటారు సార్!"

"తక్కువమంది గొంతు కూడా వినబడాలనేదే ఈ రూలు" అన్నారాయన, ఎంతో దయగా. పక్కనుంచి ఫణి నా చీర కొంగు లాగి, "వదిలేయండి సిస్టర్, కోడింగ్ అయిపోయింది" అని గొణిగాడు. పిల్లలూ, మీరు చేరాక ఈ మాట వెయ్యిసార్లు వింటారు. పని అయిపోయింది కాబట్టి తప్పు కూడా ఉండనివ్వాలని దాని అర్థం. అప్పుడు మాత్రం వదిలేయకండి. నేను మీటింగు పూర్తయ్యేదాకా వాదించాను. గోడకు చెప్పినట్టయింది.

ఈసారి పోశెట్టి బస్సులోనే ప్రచారం మొదలుపెట్టాడు. "మర్యాదలు ఖలాస్. మనోనికి అయిదు, మిగిలినోళ్లకు ఒక్కటి" అని ఎక్కినవాడికల్లా చెప్పాడు. ఇతర క్యాంపుల వాళ్ళు కూడా రాజేశం పాటకు వంత పాడుతూ ఓట్లు గుద్దారు. సంపాదించే వయసు గుంపులు మూడింటిలోనూ రాజేశమే మొదటివాడు. పిల్లల గుంపులు రెండూ, ముసలివాళ్ళ గుంపూ ఆఫీసు అకౌంట్స్‌లో పనిచేసే కుర్రాడికి పోయాయి. ఆ పిల్లలు రాజేశం పాట సగంలో పాప్‌కార్న్ కోసం లేచి వెళ్ళారు. తప్పు వాళ్ళది కాదు, పొద్దున్నే బస్సెక్కే తండ్రి వాళ్ళకెక్కడ తెలుసు? అకౌంట్స్ కుర్రాడు మెరిసే చొక్కా వేసుకుని గెంతుతూ పాడాడు, వాళ్ళకు అది నచ్చింది. గుంపులు చెరి మూడే గానీ, కూలీల గుంపుల్లో ఆ కుర్రాడు రెండోవాడు, పిల్లల, ముసలివాళ్ళ గుంపుల్లో రాజేశం ఆఖరివాడు. అలా హార్టులు రాజేశానికి ఎక్కువ, మార్కులు అకౌంట్స్ కుర్రాడికి ఎక్కువ.

ఆ కుర్రాడి భార్యాబిడ్డలు అప్పటికే ఇక్కడే ఉన్నారు. బహుమతి వీసా మీద అత్తగారిని తెచ్చుకున్నాడు.

పోశెట్టి హారను

ఆ సాయంత్రం అల్ ఖూజ్ నుంచి సజ్జా వరకు పోశెట్టి హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ట్రాఫిక్ వాళ్ళు ఆపి జరిమానా వేస్తే, "రాసుకోండి సార్, నా కడుపు మండుతుంది" అని హిందీలో చెప్పాడట. వాట్సాప్ గ్రూపుల్లో వాయిస్ మెసేజీలు ఆగలేదు. తెలంగాణ తిట్లు, గోదావరి తిట్లు, మధ్యలో హిందీ, అన్నీ నాకే పంపేవాళ్ళు. స్వీడన్ సార్ నంబరు వాళ్ళ దగ్గర లేదు మరి. సజ్జా మెస్సులో నేను వెళ్ళగానే టీ పోసే మనిషి కూడా మొహం తిప్పుకున్నాడు. తిట్లు తినడం మన ఉద్యోగంలో భాగమే. చెప్పినమాట విననివాడు హాయిగా ఉండి, చెప్పినదాన్ని నేను తిట్లు తింటుంటే మాత్రం ఒళ్ళు మండింది.

యోహాన్ గదికి వెళ్ళి ఆ మెసేజీల్లో కొన్ని వినిపించాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశారా! మా దేశంలోనూ అచ్చం ఇలాగే తిడతారు. తిడుతున్నారంటే పోటీని ప్రేమిస్తున్నారన్నమాట."

ఓర్చుకోలేకపోయాను. "మీ దేశంలో తిట్టినవాడు టీవీ కట్టేసి, పెళ్ళాం పిల్లల్తో అన్నం తిని పడుకుంటాడు సార్. ఇక్కడ పిల్లల్తో కూర్చుని అన్నం తినడమే బహుమతి. దానికోసం పాడుతున్నారు. మీకిది పండగ, వాళ్ళకు కాదు."

ఆయన కుర్చీలోంచి లేచారు. "నన్ను సజ్జా తీసుకెళ్ళండి" అన్నారు. అందుకే ఆయన చెడ్డవాడు కాదన్నాను.

సజ్జా మెస్సులో ఆయన్ను చుట్టేశారు. నేను మధ్యలో నిలబడి అటుమాట ఇటు, ఇటుమాట అటు చెబుతున్నాను. పోశెట్టి తన ఫోన్లో ముగ్గురు పిల్లల ఫొటో తీసి ఆయన మొహం ముందు పెట్టాడు.

"సార్‌కు చెప్పుండ్రి సిస్టర్. మాకు పిల్లలు లేరా? అవ్వయ్యలు లేరా? అన్ని వయసులోళ్లు ఉన్నరు. ఈడ లేరు, గంతే! ఇంటికాడ ఉన్నోళ్లు మావోళ్లు కాకుంట పోతరా?"

రాజేశం మాత్రం వెనకాల గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను పిలిస్తే వచ్చి, "మా బిడ్డ అడిగింది సిస్టర్, బాపూ నువ్వు ఎందుకు ఓడినవు అని. చిన్నపిల్లలు ఓటు ఎయ్యలేదు బిడ్డా అన్న. నేను చిన్నపిల్లనే గద, నన్నెందుకు అడగలే అన్నది. దానికి నేనేం చెప్పాలె?" అన్నాడు.

ఆ మాట నేను ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాను. యోహాన్ తలవంచుకుని విన్నారు. వచ్చే ఏడు నుంచి ఊళ్ళలో ఉన్న కుటుంబాలూ ఓటు వెయ్యొచ్చని అక్కడికక్కడే చెప్పారు. మెస్సు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. టీ పోసే మనిషి నాకు రెండు కప్పులు ఇచ్చాడు.

మా బాపు పేరేది?

మూడో రూలు మంచి రూలే. దానితోనూ చచ్చే చావయింది, అది వేరే సంగతి.

ఒక్కో ఉద్యోగి ఇంట్లోవాళ్ళ పేర్లు, వయసులు యాప్‌లో ఎక్కించాలి. సందేహాలుంటే అడగమని ఫణి మహానుభావుడు నా నంబరు పెట్టాడు. ఇక చూడండి, జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, మా గోదావరి జిల్లాల నుంచి ఫోన్లే ఫోన్లు. పెద్దవాళ్ళు చేసినవి తక్కువ. ఫోన్ పట్టుకున్నది పిల్లలే.

"హలో, దుబాయ్ సిస్టరేనా? ఇండ్ల మా బాపు పేరేది? నేను ఎట్ల ఓటెయ్యాలె?"

"మీ నాన్న పోటీలో లేరమ్మా. పాడేవాళ్ళ పేర్లే ఉంటాయి."

"మా బాపు పాడుతడు. ఇంటికచ్చినప్పుడు పాడిండు."

ఒక పిల్ల కాదు, ఒక ఊరు కాదు. పోశెట్టి కొడుకైతే, డ్రైవర్ల పేర్లు ఎందుకు లేవని నన్ను నిలదీశాడు. ఓటు ఇస్తే ప్రతి పిల్లా తండ్రి పేరే వెతుక్కుంటుందని, స్వీడన్‌లో మాట ఎలా ఉన్నా, మాలో ఒక్కరికైనా తట్టలేదు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత విసుక్కోవడానికి నోరు రాలేదు. "మీ నాన్నకు చెబుతానమ్మా, వచ్చే ఏడు పాడమని" అనేదాన్ని. మరునాడు ఆ తండ్రికి చెబితే, వాడు నవ్వీ నవ్వక తల గోక్కునేవాడు.

రాజేశం కూతురు అక్షిత మాత్రం తల్లి ఫోన్ పట్టుకుని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. మా కంపెనీలో పనిచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందే. వాళ్ళ పిల్లల పేర్లు, అవ్వల పేర్లు ఎక్కించడానికి దగ్గరుండి సాయం చేసింది. ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పిందట. "మా బాపు గెలిస్తె మేం దుబాయ్ పోతం. అప్పుడు మీ బాపులను గూడ చూసొస్తం."

ఎవరూ అరవని రూలు

ఫైనల్‌కు వారం ముందు మీటింగు. ఓట్ల సంగతి, మైకుల సంగతి, బస్సుల సంగతి అయ్యాయి. గెలిచినవాళ్ళ కోసం స్టాఫ్ బిల్డింగులో ఏ ఫ్లాటు పెట్టారని నేను అడిగాను. క్యాంపుల గదులు చూసే అధికారి బిత్తరపోయి యోహాన్ వంక చూశాడు.

"ఓ, మీకు చెప్పలేదా? బహుమతి మారింది సిస్టర్" అన్నారు యోహాన్. "ఒక్క మనిషికి అంత పెద్ద బహుమతి ఇవ్వడం మిగిలినవాళ్ళకు అన్యాయమని పై మేనేజ్‌మెంట్ అనుకుంది. ఇకనుంచి గెలిచిన క్యాంపుకు పెద్ద టీవీ ఇస్తాం. అందరూ చూడొచ్చు."

ఎలా ఓటెయ్యాలో తేల్చడానికి ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం. దేనికోసం ఓటేస్తున్నామో దాన్ని మాత్రం ఎవరినీ అడక్కుండా తీసేశారు. అంత పెద్ద రూలుకు ఒక్క మీటింగు లేదు, ఒక్క తిట్టు లేదు. పిల్లలూ, నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదే అనుకోండి. అందరూ అరిచే రూలును అందరూ చూస్తారు. మీరు ఎవరూ అరవని రూలును చూడండి.

కొట్లాడాను. పై మేనేజ్‌మెంట్ దాకా వెళ్ళాను. అక్కడ కూర్చున్నవాళ్ళు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఖర్చులు తగ్గించుకోవాలి కదా అన్నారు. కనీసం ఈ ఏడాదికి పాత బహుమతి ఉంచమన్నాను, పిల్లలకు మాటిచ్చాం అన్నాను. పిల్లలకు కంపెనీ మాటివ్వలేదన్నారు. యోహాన్ కూడా నాతో కలిసి అడిగారు, ఆ మాట దాచను. కాదనిపించుకుని బయటికి వచ్చాక, "ఫైనల్ అయ్యేదాకా చెప్పకండి, పోటీ పాడవుతుంది" అన్నారు.

ఆ సాయంత్రమే సజ్జా వెళ్ళి చెప్పేశాను. వాళ్ళను చీకట్లో పెట్టి పాడించడం నా వల్ల కాదు.

పోశెట్టి టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "బంద్! ఫైనల్‌కు ఒక్క బస్సు కదలది. ఒక్కడు పాడడు. టీవీ వాళ్లనే చూసుకొమ్మనుండ్రి!" అందరూ అవునన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. అందరం రాజేశం వైపు చూశాం. అతను మంచం మీద కూర్చుని చేతులు రుద్దుకుంటున్నాడు.

"నేను పాడుత" అన్నాడు.

"ఎందుకురా? ఏమస్తది నీకు?" పోశెట్టికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పిల్లలందరు ఫోన్లు పట్టుకోని కూసుంటరన్నా. మా అక్షిత అందరిని తయారుజేసింది. నేను పాడకుంటె అది ఊర్ల ఏం మొఖం పెట్టుకుంటది? ఓటు ఎయ్యనియ్యి దాన్ని. బహుమతి ముచ్చట తరువాత చెప్పుకుంట."

పోశెట్టి వంగి నేల మీది టోపీ తీసుకున్నాడు. బంద్ మాట అక్కడితో ఆగిపోయింది.

ఫైనల్

రాజేశం పాడాడు. గోడౌను మొత్తం వంత అందుకుంది. పిల్లల గుంపులు రెండూ అతనికే వచ్చాయి, ముసలివాళ్ళ గుంపు కూడా. అన్ని గుంపుల్లోనూ మొదటివాడు. అంత గెలుపు ఆ పోటీలో నేను చూడలేదు. ఫణి తెర మీద గీతలు చూపిస్తూ తనే ఈల వేశాడు. యోహాన్ నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "చూశారా, చివరికి రూలు సరిగ్గా కుదిరింది!" అన్నారు. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నారు. ఆ మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాతి సెలవు రోజున సజ్జా మెస్సులో టీవీ బిగించారు. గోడంత టీవీ. యోహాన్ వచ్చి రిబ్బను కత్తిరించారు. ముందు ఏం చూద్దాం అంటే, పోశెట్టి తన ఫోన్ దానికి కలిపి రాజేశం ఇంటికి వీడియో కాల్ పెట్టాడు. అక్షిత మొహం గోడంత అయింది. రెండు జడలు, కొత్త గౌను. వెనకాల ఊరి పిల్లలంతా ఎగబడి చూస్తున్నారు. క్యాంపు మొత్తం చప్పట్లు కొట్టింది.

"బాపూ, మరి మేమెప్పుడు రావాలె?"

రాజేశం అప్పటికీ చెప్పలేదన్నమాట. లేచి నిలబడ్డాడు. టీవీ వంక చూడలేక నేల చూశాడు.

"ఈసారి బహుమతి మారింది బిడ్డా. వీసా లేదు. టీవీ ఇచ్చిండ్రు. గీ టీవీనే, నువ్వు గిండ్లనే కనబడుతున్నవు."

పిల్ల కాసేపు అర్థంకానట్టు చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, పెద్దామెలాగా అంది.

"నాకు ఓటిచ్చిండ్రు, నన్ను రానియ్యరా? వచ్చేసారి ముందుగాల బహుమతి ఏందో అడుగు బాపూ. అటెన్క పాడు."

మెస్సంతా గొల్లున నవ్వింది. నవ్వినవాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. అందరూ నవ్వడం చూసి యోహాన్ కూడా నవ్వుతూ నా వైపు తిరిగి, "ఏమంది సిస్టర్, ఏమంది?" అని అడిగారు.

ఇన్నేళ్ళూ కింది మాట పైకి, పై మాట కిందికి మెత్తగా చేసి చెప్పడమే నా ఉద్యోగం. ఆ రోజు ఒక్క ముక్క కూడా మెత్తన చెయ్యలేదు. పిల్ల అన్నది అన్నట్టే ఇంగ్లీషులో ఆయనకు చెప్పాను.